‘టోపీ తింటా’ అన్నది మొక్కు కాదు

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెబుతాను. మీరు హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తున్నారు. మాంచెస్టర్‌లో ఉన్న క్లయింటు మేనేజరు మంగళవారం గ్రూపులో ఒక వాక్యం పెట్టాడు: ‘ఇఫ్ దిస్ గోస్ లైవ్ బై ఫ్రైడే, ఐ విల్ ఈట్ మై హ్యాట్.’ శుక్రవారానికల్లా పని అయిపోతే ఆయనేదో సరదా పని చేసి పార్టీ ఇస్తానంటున్నాడని అనుకుని మీరు ‘థాంక్స్ ఫర్ ద కాన్ఫిడెన్స్’ అని జవాబిచ్చారు. అటునుంచి ఒక నవ్వు బొమ్మ వచ్చింది, ఆ తర్వాత చప్పుడు లేదు. మీ పక్క సీటు అబ్బాయి మాత్రం ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంతకీ ఆ మాటకు అర్థమేమిటి, తెలుగులో దాన్ని ఏమంటాం, ఇప్పుడు ఏం చెయ్యాలి అని అడిగారు.

ఆయన మీ మీద నమ్మకం చూపించలేదండీ. ‘శుక్రవారానికి ఇది అయ్యే పని కాదు, కావాలంటే రాసిస్తా’ అన్నాడు. మీరేమో దానికి థాంక్స్ చెప్పారు. పక్క సీటు అబ్బాయిని తప్పుపట్టలేం.

ఈ నుడికారం కీలకమంతా ‘ఇఫ్’ పక్కనే ఉంది. ‘ఇఫ్’ తర్వాత వచ్చేది చచ్చినా జరగదని మాట్లాడేవాడి నమ్మకం. తన టోపీని తనే నమిలి మింగేవాడు లోకంలో ఉండడు కాబట్టి, ‘అది జరిగితే ఇదీ జరుగుతుంది’ అంటే రెండూ జరగవనే. ‘సూర్యుడు పడమట పొడిస్తే చూద్దాంలే’ అని మనం అన్నట్టే. కాకపోతే ఇంగ్లీషువాడు సూర్యుడి దాకా వెళ్లకుండా నెత్తిమీదున్న దానితోనే సరిపెట్టుకున్నాడు. అందుకే ‘ఇఫ్ ఇండియా విన్స్, ఐ విల్ ఈట్ మై హ్యాట్’ అని ఎవరైనా అంటే అతను ఇండియా ఓడుతుందని పందెం కాస్తున్నాడన్నమాట. మనవాళ్లు గెలుస్తారని నమ్మేవాడు ‘ఇఫ్ ఇండియా డజంట్ విన్’ అనాలి. ఆ ‘డజంట్’ ఒక్కటి అటూ ఇటూ అయిందంటే మీరు రెండో జట్టు అభిమాని అయిపోతారు.

అయితే మీ పొరపాటు తెలివితక్కువదేమీ కాదు. పాతికేళ్లుగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తర్జుమా చేసి బతుకుతున్నాను, కొంతకాలం పాఠాలు కూడా చెప్పాను. తెలుగు పిల్లలు ఈ వాక్యాన్ని తిరగేసి అర్థం చేసుకోవడం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. తమిళ పిల్లలకూ ఇదే తిప్పలని చెన్నైలో ఒక మిత్రుడు అనేవాడు. నాకు తోచిన కారణం మన మొక్కు. ‘మావాడికి సీటొస్తే తిరుపతిలో గుండు కొట్టించుకుంటా’ అంటే సీటు రావాలని ఆశ. ‘వాడికి సీటొస్తే నేను గుండు కొట్టించుకుంటా’ అని పక్కింటాయన పెదవి విరిచి అంటే సీటు రాదని ధీమా. రెండు వాక్యాలకూ ఎముకల గూడు ఒకటే. మొదటిదాన్ని మొక్కు చేసింది ‘తిరుపతిలో’ అన్న ఒక్క మాట. ఆ మాట తీసేస్తే అది పందెమైపోతుంది. ‘అది జరిగితే ఇది చేస్తా’ అన్న వాక్యం వినగానే మన చెవి ముందు మొక్కువైపే వెళుతుంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నది అదే కదా. మీ మేనేజరు టోపీని మీరు కొండమీదికి పంపించారు, అంతే.

నేనూ ఈ టోపీ దెబ్బ తిన్నవాణ్నే, అదీ అచ్చులో. 2015 మే 7న బ్రిటన్‌లో ఎన్నికలు జరిగాయి. అక్కడ రాత్రి పదింటికి పోలింగ్ ముగియగానే ఎగ్జిట్ పోల్ వచ్చింది. మనకు అప్పుడు తెల్లవారుజామున రెండున్నర. కన్జర్వేటివ్‌లకు 316, లిబరల్ డెమోక్రాట్లకు 10 అన్నారు. అంతకుముందు ఎన్నికల్లో 57 సీట్లు తెచ్చుకున్న పార్టీకి పదంటే ఎవరు నమ్ముతారు? ఆ పార్టీ మాజీ నాయకుడు ప్యాడీ యాష్‌డౌన్ బీబీసీ స్టూడియోలోనే కూర్చుని, ఈ ఎగ్జిట్ పోల్ నిజమైతే బహిరంగంగా నా టోపీ తింటానన్నాడు.

నేనప్పుడు ఒక పత్రికలో అంతర్జాతీయ పేజీ చూసేవాణ్ని. కొత్తగా చేరిన కుర్రాడు దాన్ని ‘పోల్ నిజమైతే టోపీ తింటానని యాష్‌డౌన్ ప్రతిజ్ఞ’ అని రాసిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. తెలుగులో టోపీ అంటే ఏమిటి? ఒకడు మనకు పెట్టేది. ‘చిట్టీల పేరుతో టోపీ పెట్టాడు’ అని రోజూ రాసే పేజీల్లో ఒక పెద్దమనిషి టోపీ తింటానంటే పాఠకుడు ఏమనుకోవాలి? పైగా ప్రతిజ్ఞేమిటి, భీష్ముడా? కుర్రాడికి క్లాసు పీకి, ఎర్ర పెన్నుతో కొట్టేసి, ‘ఇదే నిజమైతే నా పేరు మార్చుకుంటా: యాష్‌డౌన్’ అని దిద్ది పంపాను. చక్కటి తెలుగు అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

లెక్కింపు పూర్తయ్యేసరికి లిబరల్ డెమోక్రాట్లకు మిగిలింది ఎనిమిది. కన్జర్వేటివ్‌లు 331. మరునాటి రాత్రి బీబీసీలోనే ఇంకో కార్యక్రమంలో యాష్‌డౌన్ ముందు చాక్లెట్‌తో చేసిన టోపీ తెచ్చి పెట్టారు. ప్రపంచమంతా ఆ ఫొటో వేసింది. మాకూ వచ్చింది. కుర్రాడు ఆ ఫొటో నా బల్లమీద పెట్టి, ‘సార్, నిన్న మనం పేరు మార్చుకుంటారని రాశాం కదా, ఈ టోపీకి క్యాప్షన్ ఏమని పెట్టమంటారు?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఫొటో లేకుండానే పేజీ పంపించాం.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఒకటుంది. మాట మాటగానే ఉండిపోయే చోట, అంటే కథలోనో ఆఫీసు మెసేజిలోనో, టోపీని తీసేసి తెలుగు నుడి పెట్టెయ్యాలి. ఆ వస్తువు తర్వాత మళ్లీ కనిపించే అవకాశమున్న చోట, ముఖ్యంగా రాజకీయ నాయకుడు కెమెరా ముందు అన్నప్పుడు, టోపీని ఉంచి పక్కనే ‘అంత అసాధ్యమని ఆయన ధీమా’ అని ఒక ముక్క తగిలించాలి. కుర్రాడు రాసింది సగం రైటే, ‘ప్రతిజ్ఞ’ ఒక్కటే తప్పు. ఆ మాట వాడికి నేనెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు వాడు నాకంటే పెద్ద జీతగాడు, ఇది చదివితే నవ్వుకుంటాడు.

ఈ నుడికారం పాతదే. డికెన్స్ మొదటి నవల 1836-37లో నెలనెలా విడతలుగా వచ్చింది. అందులో బాకీదారుల జైల్లో ఒక పాత్ర తన లోకజ్ఞానం గురించి చెబుతూ, నాకు ఆపాటి కూడా తెలియకపోతే టోపీ తిని దాని బకిల్ కూడా అమాంతం మింగేస్తానంటాడు. 1797లో అచ్చయిన, హోమర్‌ను వెక్కిరిస్తూ రాసిన ఒక పద్యానువాదంలోనూ టోపీ తినడం ఉంది. ఆ కాలం టోపీ మన క్రికెట్ టోపీ లాంటి గుడ్డపేలిక కాదు. కుందేలు, బీవర్ లాంటి జంతువుల బొచ్చును నొక్కి గట్టి ఫెల్టుగా చేసేవాళ్లు. ఆ బొచ్చును పదును చెయ్యడానికి పాదరసం లవణాలు వాడేవాళ్లు. టోపీల పనివాళ్లకు చేతులు వణికి, మతి చలించేది ఆ పాదరసం వల్లే. కాబట్టి అప్పట్లో ఎవరైనా నిజంగా టోపీ తిని ఉంటే బకిల్ దాకా వెళ్లేవాడు కాదు.

మాట అన్న పాపానికి నిజంగానే తిన్నవాళ్లూ ఉన్నారు. మీరు ఐటీలో ఉన్నారు కాబట్టి ఒకాయన గురించి తప్పక తెలుసుకోవాలి. కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్ కనిపెట్టినవాళ్లలో ఒకరైన బాబ్ మెట్‌కాఫ్ 1995 చివర్లో ఒక కంప్యూటర్ పత్రిక కాలమ్‌లో, 1996లో ఇంటర్నెట్ కుప్పకూలుతుందని రాశాడు. కూలకపోతే తన మాటలు తనే తింటానన్నాడు. ఇంటర్నెట్ కూలలేదు. 1997లో వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆయన ముందు తన కాలమ్ అచ్చు వేసిన కేకు తెప్పించాడు. సభ ఒప్పుకోలేదు, గోల చేసింది. అప్పుడు కాలమ్ కాగితాన్నే మిక్సీలో వేసి, కాస్త ద్రవం పోసి తిప్పి, అందరి ముందూ తిన్నాడు. 2017లో బ్రిటన్‌లో మాథ్యూ గుడ్‌విన్ అనే రాజనీతి ఆచార్యుడు, లేబర్ పార్టీకి 38 శాతం ఓట్లు వస్తే బ్రెగ్జిట్ మీద తను రాసిన పుస్తకం తింటానన్నాడు. 40 శాతం వచ్చాయి. టీవీలో లైవ్‌గా పుస్తకం పేజీ చింపి నోట్లో పెట్టుకున్నాడు. మిగతా బ్రెగ్జిట్ చర్చ కంటే అదే త్వరగా అరిగి ఉంటుంది.

మీరు పొరపాటు పడ్డ దిక్కులోనే ఈ మాటను వాడిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు. జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జాగ్ యువకుడైన ఎరల్ మోరిస్‌తో, నువ్వు సినిమా పూర్తి చేస్తే నా బూటు తింటానన్నాడు. అది వెక్కిరింపు కాదు, పిల్లవాడిని ముందుకు నెట్టడానికి అన్న మాట. సినిమా పూర్తయింది. 1979లో అమెరికాలోని బర్క్‌లీలో హెర్జాగ్ బూటును వెల్లుల్లి, మసాలా ఆకులు వేసి గంటల తరబడి ఉడికించి, ప్రేక్షకుల ముందు ముక్కలు కోసుకుని తిన్నాడు. కోడి తిన్నప్పుడు ఎముకలు వదిలేస్తాం కదా అని బూటు అడుగుభాగాన్ని మాత్రం పక్కన పెట్టాడు. దాన్ని లెస్ బ్లాంక్ చిన్న డాక్యుమెంటరీగా తీశాడు కూడా. ఇది కొంచెం మన మొక్కుకు దగ్గర. మీ మాంచెస్టర్ మేనేజరు కూడా ఆ బాపతు కావచ్చని మీరు ఆశపడితే నేను కాదనను, కానీ ప్రాజెక్టు మేనేజర్లలో హెర్జాగ్‌లు తక్కువ.

ఇక తెలుగులో ఏమంటాం? దీన్ని నిఘంటువులో వెతికితే ‘నిస్సంశయముగా’, ‘తథ్యముగా’ లాంటివి దొరుకుతాయి. అవి వద్దు, వాటిలో నవ్వు లేదు. మన వీధుల్లో దీనికి సరిజోడు మాటలు బోలెడు. ‘అది జరిగితే చెవి కోసిస్తా’, ‘అరగుండు కొట్టించుకుంటా’, ‘మీసం తీసేస్తా’, ‘నా పేరు మార్చుకుంటా’. నా ఓటు మాత్రం గోలీలాటలో మేం వాడిన దానికి: ‘నువ్వు కొడితే నీ కాళ్ల సందులోంచి దూరతా’. టోపీ తినడంలో ఉన్న చిలిపితనం సరిగ్గా దానిలో ఉంది. మా బడి వెనక చింతచెట్టు కింద ఒకడు ఆ మాట అని, ఎదుటివాడు నిజంగానే కొట్టేస్తే, మోచేతులు దోక్కుపోయేలా ఇసుకలో దూరాడు. పక్కనున్న మేమందరం రెండు వరసలుగా నిలబడి కాళ్లు చాపాం, అంటే వాడు ఒక్కడి కింద దూరతానంటే పదిమంది కింద దూరాల్సి వచ్చింది. వడ్డీతో సహా వసూలన్నమాట.

మీసం కొంచెం బరువైన పందెం. టోపీ పోతే నష్టం లేదు, ఇంకోటి కొనుక్కుంటారు. మీసం, పేరు, తలవెంట్రుకలు మన దగ్గర పరువుకు సంబంధించినవి. అందుకే ఇంగ్లీషువాడు నవ్వుతూ అనేదాన్ని మనవాడు తొడకొట్టి అంటాడు. అనువాదంలో ఈ బరువు తేడా చూసుకోవాలి. ఇంకో చిక్కు: మీసం మాట ఆడవాళ్ల నోట పలకదు. మా అమ్మమ్మ అయితే ‘వాడు మారితే నా పేరు ఇది కాదు’ అనేది. ఈ ‘నా పేరు కాదు’ అన్నదానికీ రెండు ముఖాలున్నాయి. ‘వాడు మారితే నా పేరు ఇది కాదు’ అంటే మారడని ధీమా. ‘వాణ్ని మార్చకపోతే నా పేరు ఇది కాదు’ అంటే శపథం. మళ్లీ అదే గూడు, మళ్లీ అదే ‘పోతే’ తేడా.

పేరు మార్చుకుంటానన్న మాట మన దగ్గర మాటగానే ఉండిపోతుందనుకునేవాణ్ని. 2024 దాకా. పిఠాపురంలో పవన్ కల్యాణ్ గెలిస్తే తన పేరు పద్మనాభరెడ్డిగా మార్చుకుంటానని ముద్రగడ పద్మనాభం ఎన్నికల ముందు సవాలు చేశారు. జూన్ 4న ఫలితం వచ్చింది, పవన్‌కు 70,279 ఓట్ల ఆధిక్యం. ఆ నెలలోనే ముద్రగడ పేరు మార్పు గెజిట్‌లో వచ్చింది. రాజకీయంగా ఎవరికి ఏమనిపించినా, భాష పనిచేసేవాడిగా నేను ఆ గెజిట్‌ను గౌరవంతో చూశాను. యాష్‌డౌన్‌కు చాక్లెట్ వెసులుబాటు దొరికింది, ముద్రగడకు దొరకలేదు.

మన నాయకులకు ఇష్టమైన టోపీ ఇంకోటుంది, ‘రాజకీయ సన్యాసం’. ‘నిరూపిస్తే రాజకీయ సన్యాసం చేస్తా’ అన్న వాక్యం వినకుండా మనకు ఒక అసెంబ్లీ సమావేశం గడవదు. నిజంగా చేసినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. రాష్ట్ర విభజన జరిగితే రాజకీయాల నుంచి తప్పుకుంటానన్న లగడపాటి రాజగోపాల్ 2014లో అన్నంత పనీ చేశారు. 2019లో ఆయన సర్వే కూడా తలకిందులైంది. తెలుగుదేశం వస్తుందన్నారు, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151 వచ్చాయి. సర్వేలకూ దూరంగా ఉంటానని ప్రకటించారు. ఒకే మనిషి రెండు టోపీలు తినడం నాకు తెలిసి అదొక్కటే.

మీరు అడగలేదు గానీ, వ్యతిరేక దిక్కులో, అంటే ‘తప్పకుండా జరుగుతుంది’ అనడానికి ఏం వాడాలో కూడా చెప్పేస్తాను, లేకపోతే రేపు అక్కడా టోపీ పెట్టేస్తారు. అమెరికన్లు ‘యూ కెన్ బెట్ యువర్ బాటమ్ డాలర్’ అంటారు. జూదంలో ముందు పెట్టుకున్న డాలర్ల దొంతరలో అట్టడుగున మిగిలిన ఆఖరి డాలరు కూడా పందెం కాయొచ్చని. ఇక్కడ ‘ఇఫ్’ లేదు కాబట్టి తికమక లేదు. బ్రిటిష్ పెద్దవాళ్లు ‘యాజ్ ష్యూర్ యాజ్ ఎగ్స్ ఈజ్ ఎగ్స్’ అంటారు. వ్యాకరణం తప్పే, కానీ దిద్దకండి, అది అలాగే అనాలి. చావూ పన్నులూ తప్ప ఏదీ ఖాయం కాదన్నది అమెరికన్ రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1789లో ఒక ఉత్తరంలో రాశాడని అందరూ ఉదహరిస్తారు. రాసిన మాట నిజమే, కానీ 1716లోనే లండన్‌లో ఒక నాటకంలో ఆ జోడీ ఉంది. ఇవన్నీ కబుర్లకు, చనువున్న మెసేజీలకు పనికొస్తాయి. కాంట్రాక్టులోనో, క్లయింటుకు తేదీ ఖాయం చేసే మెయిల్‌లోనో టోపీలూ గుడ్లూ వద్దు. ‘విల్ బి డెలివర్డ్ బై’ అని తేదీ వేస్తే చాలు.

మనకు ఇదే పనికి ‘ఘంటాపథంగా చెప్పగలను’ అన్న మంచి మాట ఉంది. చాలామంది దాన్ని గంట కొట్టి చెప్పడం అనుకుంటారు. ఘంటాపథమంటే సంస్కృతంలో పెద్ద రాజమార్గం, మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచేంత వెడల్పు దారి. భారవి కావ్యానికి మల్లినాథ సూరి రాసిన వ్యాఖ్యానం పేరు కూడా అదే. ఆయన ఊరు ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. రహదారి అర్థం ఉన్న మాట మన నోట్లో పడి కచ్చితత్వమైంది. మేనేజరు మాటకు మాత్రం ఇది సరిపోదు. ఘంటాపథంగా చెప్పేవాడు ముఖం సీరియస్‌గా పెడతాడు, టోపీ తింటాననేవాడు పెట్టడు.

ఇప్పుడు మీ గ్రూపు సంగతి. వివరణలు, క్షమాపణలు ఏమీ వద్దు. ‘ఐ మిస్‌అండర్‌స్టుడ్ ద ఈడియమ్’ అని పేరా రాస్తే అక్కడ అందరికీ ఇబ్బంది. ఆయన సరదాగా అన్నాడు, మీరూ సరదాగానే అందుకోండి. ముందు మీ లీడ్‌ను అడిగి శుక్రవారానికి నిజంగా అవుతుందో లేదో తేల్చుకోండి. అవుతుందంటే గ్రూపులో ఒక్క ముక్క పెట్టండి: ‘సాల్ట్ ఆర్ కెచప్ విత్ ద హ్యాట్?’ అవ్వదంటే: ‘యువర్ హ్యాట్ ఈజ్ సేఫ్. మండే ఈజ్ రియలిస్టిక్.’ రెండో వాక్యంలో ఆయనకు కావలసిన సమాచారం, మీకు మాట అర్థమైందన్న సంగతి రెండూ వెళ్లిపోతాయి. నాకైతే రెండోదే పెట్టాల్సి వస్తుందనిపిస్తోంది. మంగళవారం నాడు టోపీ దాకా వచ్చాడంటే ఆయన మీ బగ్గుల లిస్టు ఒకసారి చూసే ఉంటాడు.